విచర్ 3 మధ్యలో ఆపేయాలా? మారతహళ్లి పాఠకుడి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: నేను మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో అందరూ ఒకటే మెచ్చుకుంటుంటే సేల్‌లో 'విచర్ 3: వైల్డ్ హంట్' కంప్లీట్ ఎడిషన్ కొన్నాను. ఇప్పటికి 9 గంటలు ఆడాను. 5వ లెవెల్‌లో, వెలెన్ అనే ప్రాంతంలో ఉన్నాను. చెరువు గట్టున డ్రౌనర్లు (నీటి రాక్షసులు) నాలుగు చుట్టుముడితే చాలు, చచ్చిపోతున్నాను. మనం నడిపే హీరో, రాక్షసుల వేటగాడు గెరాల్ట్ నడక మొద్దుగా ఉంది, తలుపులోంచి దూరాలంటే ముందు గోడకు గుద్దుకుంటాడు. మ్యాప్ నిండా ప్రశ్న గుర్తులే. వాటిని ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే వారాంతం అయిపోయింది, కథ మాత్రం కదల్లేదు. పైగా నా ల్యాప్‌టాప్‌లో (కోర్ ఐ5, జీటీఎక్స్ 1650, 8 జీబీ ర్యామ్) ఉన్నట్టుండి గేమ్ బిగుసుకుపోతోంది. కొనసాగించమంటారా, లేక స్కైరిమ్, బాల్డర్స్ గేట్ 3 లాంటిది కొనుక్కోమంటారా? ఇంకో మాట. శని, ఆదివారాలు మా అక్క కొడుకు వస్తుంటాడు. 8వ తరగతి. వాడూ ఆడతానంటున్నాడు. ఇవ్వొచ్చా?
— ఎన్., బెంగళూరు

సమాధానం: ఆపకండి. కానీ ఇప్పుడు ఆడుతున్న పద్ధతి మాత్రం మార్చండి. మీరు రాసినవన్నీ ఈ గేమ్‌లో నిజంగా ఉన్న లోపాలే, ఒక్కటి కూడా మీ ఊహ కాదు. అయితే ఈ 9 గంటలూ మీరు దాని బలహీనమైన వైపే ఆడారు. విచర్ 3 గొప్పతనమంతా ఊళ్ళలోని మనుషుల్లో, వాళ్ళు చెప్పే కథల్లో, మీరిచ్చిన మాటకు ఎప్పుడో వచ్చిపడే ఫలితంలో ఉంది. ప్రశ్న గుర్తుల్లో అది దాదాపు లేదు.

ముందు ఆ ప్రశ్న గుర్తుల సంగతే చూద్దాం, ఎందుకంటే మీరు చచ్చిపోవడానికీ, లెవెల్ పెరగకపోవడానికీ మూలం అదే. ఊరి నోటీస్ బోర్డు చదవగానే చుట్టుపక్కల ప్రశ్న గుర్తులు మ్యాప్ మీద వెలుస్తాయి. వాటి వెనక ఉండేవి కొన్ని రకాలే: దొంగల స్థావరం, రాక్షసుల గూడు, కాపలా ఉన్న నిధి, దాచిన నిధి, జనం వదిలేసిన ఊరు, బందీగా చిక్కిన మనిషి, శక్తి స్థలం. అక్కడ కాపలా ఉన్నది మీ లెవెల్ దో, దానికి మూడింతలదో దగ్గరికి వెళ్ళేదాకా తెలియదు. వెలెన్‌లో 5వ లెవెల్ ఆటగాడు నడిచే దారి పక్కనే పెద్ద లెవెల్ జంతువు కాపు కాస్తుంటుంది. పేరు పక్కన అంకె ఎర్రగా కనిపించినా, అంకె బదులు పుర్రె బొమ్మ కనిపించినా వెనక్కి రావడమే మంచిది. ఇంత కష్టపడి గెలిచినా అనుభవ పాయింట్లు అంతంతమాత్రం. ఈ గేమ్‌లో పాయింట్లు ప్రధానంగా క్వెస్టులు, అంటే కథలో అప్పగించే పనులు, పూర్తి చేస్తేనే వస్తాయి. అందుకే మీరు అంత తిరిగినా 5 దగ్గరే ఉన్నారు.

2022 డిసెంబరు 14న వచ్చిన 4.0 అప్‌డేట్‌లో ఈ లోపాన్ని స్టూడియో వాళ్ళే కొంత సరిదిద్దారు. మ్యాప్‌లో ప్రశ్న గుర్తుల్నీ పడవల్నీ దాచేసే ఫిల్టర్ ఒకటి పెట్టారు, మామూలుగా అదే ఆన్‌లో ఉంటుంది. మీకు అన్నీ కనిపిస్తున్నాయంటే ఫిల్టర్ మారిపోయి ఉండాలి. మ్యాప్ తెరిచి దాన్ని మళ్ళీ పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో ఇంకో మంచి సదుపాయం కూడా ఉంది: పోరాటం లేనప్పుడు మినీ మ్యాప్ దానంతటదే మాయమయ్యేలా చేసుకోవచ్చు. ఇది తప్పకుండా పెట్టుకోండి. మూలనున్న చుక్కల గీతను చూస్తూ గుర్రం తోలడం మానేస్తే, దారిలో ఉరికొయ్యలూ, తగలబడిన గుడిసెలూ, యుద్ధం నుంచి పారిపోతున్న జనమూ కనిపించడం మొదలవుతుంది. వెలెన్‌ను అంత శ్రద్ధగా కట్టింది చూడటానికే.

ఇక్కడ ఒక్క మినహాయింపు. శక్తి స్థలాలు మాత్రం వదలొద్దు. ఒక్కో రాతి దగ్గర మొదటిసారి శక్తి తీసుకున్నప్పుడు ఒక స్కిల్ పాయింట్ వస్తుంది. లెవెల్ పెరిగితే వచ్చేదీ ఒక్క పాయింటే. మొదటి ప్రాంతం వైట్ ఆర్చర్డ్‌లో ఇలాంటివి 6 ఉన్నాయి. అంటే కథలో ఒక్క అడుగు వేయకుండానే 6 లెవెళ్ళ పాయింట్లు. మీరు వాటిని వదిలేసి వచ్చి ఉంటే, దారి సూచిక స్తంభం దగ్గర ప్రపంచ పటం తెరిచి వైట్ ఆర్చర్డ్‌కి వెళ్ళిరండి, ఆ ప్రాంతం మూసేయరు. ఎలాగూ వెళ్తారు కాబట్టి వైపర్ స్కూల్ కత్తుల డయాగ్రమ్‌లు (తయారీ నమూనాలు) కూడా అక్కడే వెతికి తెచ్చుకోండి. ఇనుప కత్తి, వెండి కత్తి రెండూ ఆ లెవెల్‌లో దుకాణాల్లో దొరికేవాటికంటే బాగా పనికొస్తాయి. స్కెలిగె దీవులకు చేరాక సముద్రంలో తేలే స్మగ్లర్ల పీపాల గుర్తులు డజన్ల కొద్దీ కనిపిస్తాయి. పడవ, సైరెన్లు, మునక, మళ్ళీ పడవ. ఈ గేమ్ మొత్తంలో ఇంతకంటే నిస్సారమైన పని లేదు. ఒక్కటి కూడా చేయనవసరం లేదు.

సరే, ప్రశ్న గుర్తులు తీసేస్తే ఏం ఆడాలి? నోటీస్ బోర్డు మీది కాంట్రాక్టులు (డబ్బు తీసుకుని రాక్షసుల్ని వేటాడే పనులు), పేరున్న సైడ్ క్వెస్టులు, ప్రధాన కథ. ఈ మూడే. వైట్ ఆర్చర్డ్‌లో 'డెవిల్ బై ద వెల్' అనే కాంట్రాక్టు ఉంది, 2వ లెవెల్ ది. మీరు చేయకపోయి ఉంటే ముందు అది చేయండి, గేమ్ ఎలా ఆలోచిస్తుందో అందులో తెలిసిపోతుంది.

ఒడొలాన్ అనే రైతు కూతురికి జబ్బు, మంచినీళ్ళు కావాలి. నీళ్ళున్న బావి పాడుబడ్డ ఊళ్ళో ఉంది, అక్కడ పట్టపగలు ఒక దెయ్యం తిరుగుతోంది. ముందు డబ్బు బేరం. గీత మీద అంకెను పెంచుకుంటూ పోవచ్చు కానీ మరీ ఎక్కువ అడిగితే అవతలి మనిషికి చిర్రెత్తుకొస్తుంది, కాబట్టి కొంచెం కొంచెంగా పెంచండి. తర్వాత ఊళ్ళోకి వెళ్ళి విచర్ సెన్స్ నొక్కి పట్టుకుంటే ఆధారాలు ఎర్రగా కనిపిస్తాయి. బావిలో వేలాడుతున్న అస్థిపంజరం, దిగి నీళ్ళలో ఈదితే అడుగున ఒక గాజు. ఈ దెయ్యం నూన్‌రెయిత్ అనీ, ఫలానా వస్తువు దాన్ని ఈ చోటికి కట్టేసిందనీ గెరాల్ట్ తనలో తాను చెప్పుకుంటూ తేలుస్తాడు. అప్పుడు మెనూలో బెస్టియరీ (రాక్షసుల వివరాల పుస్తకం) తెరిచి చూడండి. యర్డెన్ సైన్ (గెరాల్ట్ వేసే చిన్న మంత్రాలను సైన్లంటారు), కత్తికి రాసే స్పెక్టర్ ఆయిల్, మూన్ డస్ట్ బాంబు పనిచేస్తాయని రాసి ఉంటుంది. ఇది అలంకారం కోసం రాసింది కాదు. యర్డెన్ వేయకుండా కొడితే కత్తి దెబ్బ దానికి సరిగ్గా తగలదు. నేల మీద యర్డెన్ వలయం వేసి దాన్ని లోపలికి రానిస్తే దేహం గట్టిపడి దెబ్బలు పూర్తిగా దిగుతాయి. సగంలో అది మూడు ఛాయలుగా చీలి మీ చుట్టూ తిరుగుతూ ప్రాణం నింపుకుంటుంది. ఛాయలు ఒకటి రెండు దెబ్బలకే పోతాయి, ముందు వాటినే కొట్టాలి.

విచారణ, సిద్ధం కావడం, పోరు, దాని వెనక ఒక మనిషికి జరిగిన అన్యాయం: ఇవన్నీ ఒక చిన్న కాంట్రాక్టులో అమర్చారు. ఈ వరస గేమ్ అంతటా ఉంటుంది. ఈ తరహా పెద్ద ప్రపంచపు గేముల్లో చాలావాటిలో సైడ్ క్వెస్టంటే పది తోలు ముక్కలు తెచ్చివ్వడమే. ఇక్కడ సైడ్ క్వెస్టులోని మనిషికి కూడా ఒక పేరు, ఒక బాధ, ఒక అబద్ధం ఉంటాయి.

ఈ గేమ్‌లోని అసలు బలం మీకిప్పుడు దగ్గర్లోనే ఉంది. వెలెన్‌లో క్రోస్ పెర్చ్ కోటలో ఉండే బ్లడీ బేరన్ కథ 5, 6 లెవెళ్ళకే మొదలవుతుంది. కథ చెప్పి మీ ఆనందం పాడు చేయం. ఒక్కటి మాత్రం గమనించండి. మీరు ఒకచోట తీసుకున్న నిర్ణయం ఫలితం అప్పటికప్పుడు కనిపించదు, గంటల తర్వాత వేరేచోట వేరే మనిషి బతుకులో బయటపడుతుంది. పాత సేవ్ లోడ్ చేసి దిద్దుకుందామంటే అంత ఆటా మళ్ళీ ఆడాలి. కావాలనే అలా కట్టారు. మంచి జవాబు, చెడ్డ జవాబు అని గుర్తు పెట్టి ఉండదు కాబట్టి గూగుల్‌లో వెతక్కండి. మీకు తోచింది చేసి ముందుకు వెళ్ళండి. సేవ్ అలవాటు మాత్రం ఉండాలి. కీబోర్డులో ఎఫ్5 నొక్కితే క్విక్ సేవ్. ప్రతి పెద్ద క్వెస్టు ముందూ మెనూలోంచి విడిగా ఒక సేవ్ పెట్టుకోండి, ఆటోసేవ్ పాతవాటి మీదే రాసుకుంటూ పోతుంది.

ఇప్పుడు పోరాటం. నడక మొద్దుగా ఉందన్నారు. ఆప్షన్స్‌లో గేమ్‌ప్లే కింద 'మూవ్‌మెంట్ రెస్పాన్స్' అని ఉంటుంది. దాన్ని 'ఆల్టర్నేటివ్' చేయండి. 2015లో ఆటగాళ్ళు ఇదే గోల పెడితే జులైలో వచ్చిన 1.07 ప్యాచ్‌లో చేర్చారు. ఆగమన్న చోట ఆగుతాడు, తిరగమన్నప్పుడు తిరుగుతాడు. గుర్రం రోచ్ కంచెల దగ్గర మొరాయించడం మాత్రం పోదు, అది భరించాల్సిందే.

డ్రౌనర్ల చేతిలో ఎందుకు చచ్చిపోతున్నారంటే, గెరాల్ట్ ఏ దెబ్బ వేయాలన్నది అతనికీ శత్రువుకీ మధ్య దూరాన్ని బట్టి గేమే నిర్ణయిస్తుంది. దూరం నుంచి బటన్ నొక్కితే గిరగిరా తిరుగుతూ పొడవైన దూకుడు వేస్తాడు, అది ముగిసేలోపు వెనకాల ఉన్న డ్రౌనర్ వీపు మీద గోళ్ళు దించుతుంది. వెనక నుంచి తగిలే దెబ్బ మరీ గట్టిది. కాబట్టి గుంపు మీదకు దూకకండి, గుంపును మీ ముందుకు రానివ్వండి. పోరుకు ముందే క్వెన్ సైన్ వేసుకోండి, మొదటి దెబ్బను అది మింగేస్తుంది. రెండు వేగపు దెబ్బలు, ఒక పక్క అడుగు, మళ్ళీ రెండు దెబ్బలు. పక్క అడుగుకు ఎడమ ఆల్ట్, దొర్లడానికి స్పేస్. కొత్తవాళ్ళు ప్రతిదానికీ స్పేసే నొక్కుతారు. దొర్లితే దెబ్బ తప్పించుకుంటారు, అది నిజమే. కానీ తిరిగి కొట్టడానికి అందనంత దూరం పోతారు. డ్రౌనర్లు, మనుషులు, తోడేళ్ళు అయితే ఆల్ట్. గ్రిఫిన్, ఫీండ్ లాంటి భారీ జంతువులకు స్పేస్. గుంపులో టార్గెట్ లాక్ వాడొద్దు, మిగతావి కనిపించవు. డ్రౌనర్లకు నిప్పంటే పడదు. ఇగ్ని సైన్ వేసి, కత్తికి నెక్రోఫేజ్ ఆయిల్ రాసుకుంటే మీరు చెప్పిన నలుగురూ నిమిషంలో పోతారు.

చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి. క్యారెక్టర్ మెనూలో స్కిల్ నేర్చుకోగానే సరిపోదు, దాన్ని కుడివైపు గడిలోకి లాగి పెట్టాలి. గడిలో లేని స్కిల్ పనిచేయదు. పాయింట్లన్నీ ఖర్చుపెట్టి గడులు ఖాళీగా ఉంచుకుని 'గేమ్ మరీ కష్టంగా ఉంది' అనుకునేవాళ్ళు తక్కువేం కాదు. ఒకసారి చూసుకోండి. పక్కనున్న మ్యూటజెన్ గడిలో ఎర్రది పెడితే, దానికి ఆనుకున్న మూడు గడుల్లోనూ ఎర్ర రంగు స్కిల్స్ ఉంటే లాభం పెరుగుతుంది. మొదట్లో పాయింట్లు అన్ని రంగులకూ పంచకండి. వేగపు దెబ్బల వరస మీద నిలబడండి, జనరల్ విభాగంలో 'గూర్మే' ఒకటి తీసుకోండి. ఏది తిన్నా చాలాసేపు ప్రాణం నింపుతూనే ఉంటుంది, దారిలో దొరికే రొట్టె ముక్కలకు విలువ వస్తుంది.

రసాయన విద్య అంటే భయపడి ముట్టుకోనివాళ్ళున్నారు. ఇందులో అది చాలా దయగల పద్ధతి. ఏ పోషన్ అయినా జీవితంలో ఒక్కసారి తయారు చేస్తే చాలు. అయిపోయాక ధ్యానం చేస్తే, సంచిలో ఘాటైన మద్యం ఒకటి ఉంటే, అన్ని పోషన్లూ బాంబులూ తిరిగి నిండుతాయి. ప్రాణం నింపే స్వాలో పోషన్‌కి కావలసినవి డ్వార్వెన్ స్పిరిట్ 1, సెలండైన్ 5, డ్రౌనర్ మెదడు 1. మిమ్మల్ని చంపుతున్న డ్రౌనర్లే మీ మందుకు సరుకు. మద్యం సీసాలు అమ్మేయకండి, కనీసం ఐదారు ఉంచుకోండి. మూలికలకూ తయారీ సరుకులకూ బరువు లేదు కాబట్టి ఎన్నయినా పోగేయొచ్చు.

డిఫికల్టీ నాలుగు మెట్లు. మీరు రెండోది 'స్వోర్డ్ అండ్ స్టోరీ'లో ఉండండి. పై రెండింటిలో ధ్యానం చేసినా ప్రాణం నిండదు. ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు, మార్చుకున్నందుకు నష్టమేమీ లేదు. 'ఎనిమీ అప్‌స్కేలింగ్' ఆఫ్‌లో ఉంచండి.

ఈ సలహాలన్నీ పాటించినా పోరాటం గొప్పగా మారిపోతుందని చెప్పం. 20వ లెవెల్ దాటాక క్వెన్, పక్క అడుగు, వేగపు దెబ్బ అనే మూడు ముక్కలతో దాదాపు దేన్నైనా పడగొట్టొచ్చు. శత్రువుల తెలివి పరిమితం. వస్తువుల పద్ధతి మరీ బలహీనం: ప్రతి పెట్టెలోనూ కత్తులు దొరుకుతాయి, నూటికి తొంభై పనికిరావు, విచర్ స్కూళ్ళ గేర్ డయాగ్రమ్‌లు దొరికాక మిగతాదంతా బరువే. 11వ లెవెల్‌కి గ్రిఫిన్ స్కూల్ కత్తులూ కవచాల సెట్ తయారు చేయించుకుంటే అక్కడి నుంచి దాన్నే మెరుగుపరుచుకుంటూ పోవచ్చు. దొరికిన కత్తుల్ని కమ్మరికి, కవచాల్ని కవచాల పనివాడికి అమ్మండి, మామూలు అంగడివాడు తక్కువిస్తాడు.

దిద్దుకోలేని లోపాలు ఇంకా ఉన్నాయి. గెరాల్ట్ గెరాల్టే. మీరు మాంత్రికుడిగానో, విలుకాడిగానో, స్త్రీగానో ఆడాలనుకుంటే కుదరదు. పాత్రను సొంతంగా అల్లుకోవడమే రోల్ ప్లేయింగ్ అనుకునేవాళ్ళకు ఇది పెద్ద లోటు. మాకు మాత్రం ఇదే బలంగా కనిపిస్తుంది. ఎవరో ఒకరు కాకుండా, గతం ఉన్న ఒక మనిషి కాబట్టే అతను ప్రేమించిన మాంత్రికురాళ్ళు యెనెఫర్‌తోనో ట్రిస్‌తోనో అతను మాట్లాడే ప్రతి మాటకీ బరువుంది. ఆ గతం తెలియక మొదట్లో అయోమయంగా ఉంటుంది. 2007, 2011ల్లో వచ్చిన మొదటి రెండు గేములూ ఆడనవసరం లేదు, మెనూలో పాత్రల పరిచయాలున్నాయి, కొత్త పేరు వచ్చినప్పుడల్లా రెండు నిమిషాలు చదువుకోండి.

నోవిగ్రాడ్ చేరాక ప్రధాన కథ సాగదీసినట్టు ఉంటుంది. ఒకరిని వెతకడానికి ఇంకొకరు, ఆ ఇంకొకరి కోసం మరొకరు. చాలామంది అక్కడే వదిలేస్తారు. విసుగొస్తే ప్రధాన కథ పక్కనపెట్టి ఆ నగరంలోనే సైడ్ క్వెస్టులు చేయండి, లేదా గ్వెంట్ ఆడండి. గ్వెంట్ అనే చీట్లాట ఈ గేమ్‌లో దాక్కున్న ఇంకో గేమ్. పది చీట్లు, మూడు రౌండ్లు, రెండు గెలవాలి, చీట్లు మాత్రం మళ్ళీ పంచరు. అందుకే మొదటి రౌండ్ ఓడిపోయి అవతలివాడి చీట్లు ఖర్చయ్యేలా చేయడమూ ఒక ఎత్తే. మొదట్లో సత్రాల యజమానుల దగ్గర చీట్లు కొనండి. మీ చీట్ల కట్టలో పోరాట చీట్లు 22కు మించకుండా చూసుకుంటే మంచివి చేతికి వచ్చే అవకాశం పెరుగుతుంది. గూఢచారి చీటీ దొరికితే వదలొద్దు.

మరో ముఖ్యమైన లోపం: ముగింపు ఎలా ఉండాలన్నది చివరి భాగంలో సిరితో (గెరాల్ట్ కూతురిలా పెంచిన అమ్మాయి, కథంతా వెతికేది ఆమెకోసమే) జరిగే కొన్ని సంభాషణల మీద ఆధారపడుతుంది. ఇవి కీలకమని గేమ్ ఎక్కడా చెప్పదు. ఇది ఆటగాడి పట్ల న్యాయం కాదనే మా అభిప్రాయం. ఏ జవాబు ఎంచుకోవాలో చెప్పం. ఆమెను చిన్నపిల్లలా కాపాడుతున్నారా, పెద్దమనిషిగా నమ్ముతున్నారా అని అడుగుతున్నారని గుర్తుంచుకోండి. అంతకుముందు 'ఐల్ ఆఫ్ మిస్ట్స్' క్వెస్టు దగ్గర మాత్రం కొన్ని సైడ్ క్వెస్టులు మూసుకుపోతాయని గేమ్ హెచ్చరిస్తుంది. అక్కడ ఆగి మిగిలినవి పూర్తి చేసుకోండి.

ల్యాప్‌టాప్ విషయానికొస్తే, గేమ్ బిగుసుకుపోవడానికి మొదటి అనుమానం డైరెక్ట్‌ఎక్స్ 12 (డీఎక్స్12) మీద. స్టీమ్‌లో గేమ్ మొదలుపెట్టేటప్పుడు డీఎక్స్11, డీఎక్స్12 అని రెండు దారులు చూపిస్తుంది. మీరు డీఎక్స్11 ఎంచుకోండి. డీఎక్స్12 వెర్షన్ రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలను నిజంలా చూపే పద్ధతి) కోసం తెచ్చింది. జీటీఎక్స్ 1650లో రే ట్రేసింగ్‌కు వేరే కోర్లు లేవు, కాబట్టి దానివల్ల మీకు ఒరిగేది పెద్దగా లేదు, ఆగి ఆగి నడవడం తప్ప. గ్రాఫిక్స్‌లో హెయిర్‌వర్క్స్ పూర్తిగా ఆఫ్. జుట్టు వెంట్రుకల కోసం అది తినే శక్తితో మిగతా దృశ్యమంతా బాగుపడుతుంది. షాడోలు మీడియం, ఫోలియేజ్ రేంజ్ మీడియం లేదా హై, బ్యాక్‌గ్రౌండ్ క్యారెక్టర్ల సంఖ్య 'లో' (తక్కువ). ఈ చివరిది నోవిగ్రాడ్ వీధుల్లో ప్రాసెసర్‌ని కాపాడుతుంది. మీ కార్డులో మెమరీ 4 జీబీయే కాబట్టి టెక్స్‌చర్లు అల్ట్రాకి పెట్టకండి, మీడియం లేదా హైలో ఉంచండి. ఫ్రేమ్ పరిమితి 60. నిలకడగా రాకపోతే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఈ గేమ్‌కి 45కి కట్టేయండి. 60కీ 35కీ మధ్య ఊగే ఆట కంటే 45 దగ్గర కదలకుండా ఉండేది కంటికి హాయి. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, గ్రాఫిక్స్ కింద ఈ గేమ్‌కి 'హై పెర్ఫార్మెన్స్' ఎంచుకున్నారో లేదో కూడా చూడండి. లేకపోతే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీద నడుస్తూ ఉండొచ్చు.

రెండో అనుమానం ర్యామ్ మీద. విండోస్, వెనకాల బ్రౌజర్, ఆఫీసు చాట్ కలిసి 8 జీబీలో సగం తినేస్తాయి. ఆడేముందు బ్రౌజర్ మూసేయండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ చూస్తే 'స్లాట్స్ యూజ్డ్' అని ఉంటుంది. 2లో 1 అని ఉంటే ఇంకో 8 జీబీ వేయించండి. జాగా పెరగడమే కాదు, రెండూ జంటగా పనిచేసి వేగం పెరుగుతుంది. ఎస్‌పీ రోడ్‌లోని కంప్యూటర్ దుకాణాలకు వెళ్ళేముందు అదే తెరలో ర్యామ్ వేగం రాసుకోండి. ల్యాప్‌టాప్ ర్యామ్, అంటే ఎస్‌ఓ-డిమ్ అని అడగండి, ఉన్నది డీడీఆర్4 అయితే అదే రకం, అదే వేగం తీసుకోండి. ఇంతకుముందు కరెంటు పోయినప్పుడు గేమ్ ఉన్నట్టుండి కుంటిందంటే కంగారు పడొద్దు. ఛార్జర్ లేకపోతే గ్రాఫిక్స్ కార్డుకు వెళ్ళే విద్యుత్తు ల్యాప్‌టాప్ తగ్గించేస్తుంది. పీజీల్లో బ్యాకప్ చాలాచోట్ల లైట్లకూ ఫ్యాన్లకే ఉంటుంది. అప్పుడు ఎఫ్5 నొక్కి ఆపేయండి. మంచం మీద దుప్పటిపై పెట్టి ఆడితే కింది గాలి రంధ్రాలు మూసుకుని వేడెక్కి ఇదే జరుగుతుంది.

మేనల్లుడికి ఇవ్వొద్దు. ఈ విషయంలో మొహమాటం అక్కర్లేదు. ఈ గేమ్‌కి ఐరోపాలో ఇచ్చిన రేటింగ్ 18, అమెరికాలో 17 పైబడినవాళ్ళకు. తెగిన తలలు, నగ్న దృశ్యాలు, గృహహింస, పిల్లల మరణాలు కథలో నేరుగా వస్తాయి. బేరన్ కథ 8వ తరగతి పిల్లవాడు పక్కన కూర్చుని చూడాల్సింది కూడా కాదు. వాడికి ఫాంటసీ ఆట కావాలంటే 'ని నో కుని: వ్రాత్ ఆఫ్ ద వైట్ విచ్' రీమాస్టర్ ఉంది. 2019లో పీసీకి వచ్చింది, మీ ల్యాప్‌టాప్ మీద తేలిగ్గా నడుస్తుంది, వాడి వయసుకు సరిపోతుంది.

ఎంతకాలం పడుతుందని మీరు అడగలేదు కానీ, ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్ళకు అది ముఖ్యం. ప్రధాన కథ ఒక్కటే ఆడినా సుమారు 50 గంటలు. మీ ఎడిషన్‌లో ఉన్న రెండు అనుబంధ కథలు, 2015 అక్టోబరులో వచ్చిన 'హార్ట్స్ ఆఫ్ స్టోన్', 2016 మేలో వచ్చిన 'బ్లడ్ అండ్ వైన్', 30వ లెవెల్ దాటాకే. మొదటిది దాదాపు 10 గంటలు, రెండోది 20కి పైనే. ఈ రెండూ ప్రధాన కథ కంటే బిగువుగా ఉంటాయని మా నమ్మకం. వాటికోసమైనా అక్కడిదాకా వెళ్ళమంటాం. రోజూ ఒక గంట ఉంటే ఒక కాంట్రాక్టు సరిపోతుంది. పెద్ద క్వెస్టును రాత్రి 11కి మొదలుపెట్టకండి, సగంలో ఆపి మూడు రోజుల తర్వాత వస్తే ఎవరు ఎవరో గుర్తుండదు.

ఇంత చేసినా నచ్చకపోవచ్చు. బేరన్ కథ పూర్తయ్యేదాకా చూడండి. అది ముగిశాక కూడా ఆ మనుషుల గురించి ఏమీ అనిపించకపోతే ఇది మీ గేమ్ కాదు, అప్పుడు ఆపేయండి. సొంత పాత్ర, ఎటు తిరిగినా ఏదో దొరికే స్వేచ్ఛ కావాలనుకుంటే స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ తీసుకోండి. డిస్కులో 12 జీబీ సరిపోతుంది, మీ ల్యాప్‌టాప్ అవలీలగా మోస్తుంది. అందులో ఏ పని చేస్తే ఆ విద్యే పెరుగుతుంది. మాటలూ మనుషులూ మాత్రం విచర్ అంత లోతుగా ఉండరు. బాల్డర్స్ గేట్ 3 మాటల్లోనూ నిర్ణయాల్లోనూ విచర్‌కు ఏమాత్రం తీసిపోదు, కానీ వంతులవారీగా ఆడే పోరు, నలుగురి బృందం, ఒక్క పోరుకే అరగంట పట్టొచ్చు. దానికి 150 జీబీ జాగా, ఎస్‌ఎస్‌డీ కావాలి. కనీస గ్రాఫిక్స్ కార్డుగా వాళ్ళు చెప్పింది జీటీఎక్స్ 970. మీ 1650 దానికి కొంచెం కిందే, మూడో అంకంలోని నగరంలో బాగా ఇబ్బంది పడుతుంది. కొంటే స్టీమ్‌లోనే కొనండి. 14 రోజుల్లోపు, 2 గంటలకు మించకుండా ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. ఆ గేమ్‌లో పాత్రను తయారు చేసుకోవడానికే గంట పడుతుంది, ఆ గంట కూడా లెక్కలోకే వస్తుంది. మొదటిసారి వచ్చిన ముఖాన్ని అలాగే ఉంచి నేరుగా ఆటలోకి దిగి, మీ ల్యాప్‌టాప్ మీద ఎలా నడుస్తుందో ముందు చూసుకోండి.